వంటగట్టు మీద పుష్‌రాడ్

ఈ రోజు నా పాత బుల్లెట్ టకటకమంటుంటే ఇంజిన్ విప్పాను. నేను గనిలో ఫిట్టర్ని. వాల్వులను ఎత్తే పుష్‌రాడ్ వంగిందేమో చూద్దామని, వర్క్‌షాపులో ఇనుప బల్ల మీద చేసినట్టే మా వంటగట్టు మీద దొర్లించాను. తిన్నగా ఉంటే సాఫీగా దొర్లాలి, కానీ మధ్యలో ఎగిరింది. రెండోదీ ఎగిరింది! ఇంత పాత బండికి రాడ్లు ఎక్కడ దొరుకుతాయని తల పట్టుకున్నాను.

మా ఆవిడ వచ్చి చూసింది.

"ఫికర్ చెయ్యకుండ్రి. నా చపాతీ కర్ర గూడ ఆడ గట్లనే ఎగురుతది. వంకర రాడ్లది గాదు, బండది."

గోడ మీది అద్దం దించి దొర్లిస్తే రెండూ చప్పుడు లేకుండా సాగాయి. వాల్వుల గ్యాప్ సరిచేయగానే ఇంజిన్‌లో టకటక ఆగిపోయింది. హమ్మయ్య!

ఇప్పుడు బండ మార్చమంటోంది. గోదావరిఖనిలో మంచి మేస్త్రీ ఉంటే చెప్పండి. ఆ పనికి ఫిట్టర్‌ను నమ్మదట.