చిట్టీ పాటకు పెట్టిన పొగ

ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు రెండో అంతస్తులో, వెనక గదిలో నేను ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ ట్యూషన్ చెప్తాను. కిటికీ కిందే సందులో మూడు డీజిల్ జనరేటర్లు. ఎండాకాలం కరెంటు పోతే చాలు, మూడూ ఒక్కసారే మొదలవుతాయి. కాలుష్యానికి ధర కట్టాలనే పాఠం నేను దగ్గుతూ చెప్పేదాన్ని. కిటికీ మూస్తే పిల్లలు ఉడికిపోతారు, తెరిస్తే నేను పోతాను. నాంపల్లిలో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, పొగనైనా మానెయ్ గదినైనా మానెయ్ అని. ఆ గది వదిలితే నాకు బతుకే లేదనిపించింది.

అన్నిటికంటే పెద్ద జనరేటర్ మా చిన్నాయనది. కింద చీరల దుకాణం ఆయనదే, కాంప్లెక్సు సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. సర్కారు వ్యాపారంలో వేలు పెడితే దేశం మునిగినట్టే అని ఆయన నమ్మకం. భూమి వేడెక్కుతోందని ఎవరన్నా అంటే, ఏసీ గదుల్లో కూర్చున్నోళ్లకే వేడి ఎక్కువ తెలుస్తుందని నవ్వేవాడు.

సంఘం మీటింగులో ధైర్యం చేసి చెప్పాను. జనరేటర్ నడిపినవాళ్లు గంటకింతని కట్టాలి, వచ్చిన డబ్బు సంఘం ఉంచుకోకుండా అన్ని దుకాణాలకూ సమానంగా పంచాలి. చిన్నాయన చాయ్ కప్పు కింద పెట్టి, "గిది పన్నే బిడ్డా. పేరు మార్చినవ్, గంతే" అన్నాడు. అందరూ తలలూపారు. నా పాఠం అక్కడితో సరి.

ఇంటికొచ్చి కోపంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు. పన్ను మాట వింటే ఒంటి మీద జెర్రి పాకినట్టు అయ్యే మనిషి, ఏళ్ల తరబడి చిట్టీ మాత్రం నడుపుతున్నాడు. ప్రతి నెలా పాట పెడతారు. అవసరమున్నవాడు అందరికన్నా ఎక్కువ వదులుకుని చిట్టీ ఎత్తుకుంటాడు, వదులుకున్నది మిగతావాళ్లంతా సమానంగా పంచుకుంటారు. నేను చెప్పిందానికీ దీనికీ తేడా ఏముంది?

మరుసటి చిట్టీ రోజున అదే మాట వేరే బట్టలు కట్టించి తీసుకెళ్లాను. ఇకనుంచి నెలకు రెండు జనరేటర్లే నడవాలి. ఏ రెండో పాట పెడదాం, పాట డబ్బు అందరం పంచుకుందాం అన్నాను. చిన్నాయన తొడ చరిచి, "గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా? గిది చిట్టీయే కద" అన్నాడు.

వారం తిరక్కుండా అది ఆయన ఆలోచన అయిపోయింది. నాంపల్లి స్టేషన్ దగ్గర తన పార్టీ దోస్తులను కూర్చోబెట్టి, సర్కారు అక్కర లేకుండా బజారే గాలిని ఎట్లా శుభ్రం చేస్తుందో ఉపన్యాసాలు ఇచ్చాడట. నా పేరు ఎక్కడా రాలేదు. నేనేమీ అనుకోలేదు, అనుకున్నా పైకి అనలేదు.

అయితే మావాళ్లను పాటలో కూర్చోబెడితే ఏమవుతుందో నా పుస్తకాల్లో లేదు. పక్కవాడు ఒక మాట పాడితే ఊరుకోవడం ఇజ్జత్‌కు భంగం. మిగతా రెండు జనరేటర్లున్న ఫోటో స్టూడియో ఆయనా చెప్పుల దుకాణం ఆయనా పట్టుబట్టి పాట ఆకాశానికి ఎక్కించి, ఎత్తుకున్నారు. అంత పోసి కొన్నాక ఊరికే ఉంచడం ఎట్లా? కరెంటు ఉన్నా సరే, పొద్దస్తమానం జనరేటర్లు నడిపారు. డివిడెండ్ పంచుకుని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను దగ్గి దగ్గి గొంతు పోగొట్టుకున్నాను. నెలాఖరుకు ట్యూషన్ బోర్డు విప్పించి, వచ్చే నెలతో గది ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేశాను. ఆ పూట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కూడా.

తర్వాతి పాటకు నేను పోలేదు. చిన్నాయన రెండు జనరేటర్ల హక్కూ తానే పాడుకున్నాడని, ఎవరూ దాటలేని పాట పాడాడని పిల్లలు చెప్పారు. ఇంకేముంది, ఆ పెద్ద జనరేటర్ పొగే నా ముక్కుకు రాసిపెట్టి ఉందనుకున్నాను.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని ఎదురుచూశాను. ఏ చప్పుడూ లేదు. ఉండబట్టలేక కిందికి దిగాను.

దుకాణం చీకటిగా ఉంది. చీరలకొచ్చిన గన్‌ఫౌండ్రీ బ్యాంకు మేడమ్‌లు ఇద్దరు ఉక్కకు తట్టుకోలేక అప్పుడే బయటికి వెళ్తున్నారు. చిన్నాయన గద్దె మీద చెమటతో తడిసి ముద్దై, చీరల డబ్బా మూతతో విసురుకుంటున్నాడు. గిరాకీ పోతుంటే జనరేటర్ వేయవేంది అని అడిగాను.

"పాట నేను పాడిన. పొగ నాది. ఇడుస్తనో ఇడవనో నా ఇష్టం" అన్నాడు, నా మొహం చూడకుండా.

మళ్లీ ఆయనే గొంతు తగ్గించి, "నీ దగ్గు గీడిదాక ఇనవస్తున్నది బిడ్డా. నాకు కూసోబుద్ధి అయితలేదు" అన్నాడు.

పైన పిల్లలు ఎదురుచూస్తున్నారు. నేను ఆయన చేతిలోంచి డబ్బా మూత తీసుకుని, కరెంటు వచ్చేదాకా విసురుతూ అక్కడే కూర్చున్నాను.