తొమ్మిదింటి మనిషి

ఆ పెద్ద కంపెనీలో ఉద్యోగుల బ్యాడ్జి నీలం, కొన్నాళ్లు పని నేర్చుకోవడానికి వచ్చే ఇంటర్న్‌లది ఆకుపచ్చ. ఇంటర్న్‌గా చేరిన ఆమె లిఫ్టులో తన బ్యాడ్జిని వెనక్కి తిప్పుకునేది. పదో వారానికి కళ్ల కింద నలుపు దిగింది. కుర్చీలో కూర్చున్నా భుజాన బ్యాగు బరువు ఉన్నట్టే వంగి ఉండేది. ఏ మీటింగు గది ఖాళీగా ఉందో చూపించే పేజీ తయారుచేయడం ఆమెకిచ్చిన పని. పేజీ అయితే తయారైంది గానీ, దాని మొహం చూసిన పాపాన ఎవరూ పోలేదు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు రోజూ పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి వచ్చేవారు, ఎంతమంది చూశారో చెప్పే గ్రాఫులో ఒంటరి చుక్కగా. పెద్దవయసు వారేమోనని అక్షరాల సైజు పెంచింది. వారిని నిలబెట్టకూడదని, పేజీ చప్పున తెరుచుకునేలా రెండు వారాలు తంటాలు పడింది. "నువ్వు చేసింది ఎవరైనా వాడుతున్నారా తల్లీ?" అని అమ్మ ఫోనులో అడిగితే, "ఒక్కరేనమ్మా. కానీ ఆదివారం కూడా మానరు," అంది.

చివరి రోజు పని అప్పగిస్తుంటే, ఆమెకు పని నేర్పిన సీనియరు ఆ చుక్కల మీద వేలు పెట్టాడు. "ఇది మనిషి కాదమ్మా. పేజీ తెరుచుకుంటోందో లేదో రోజూ తొమ్మిదింటికి చూడమని మొదటి వారంలో నువ్వే రాసిపెట్టావే, ఆ ప్రోగ్రాము. ఆపడం మర్చిపోయినట్టున్నావు. ఆపేద్దామా?"

ఆమె మెడలోంచి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది.

"ఉండనివ్వండి సార్. నేను వెళ్లాక కూడా ఎవరో ఒకరు చూడాలిగా."