డాక్టరమ్మ నైగగా కామెంటరీ

డాక్టరమ్మ నైగగాకున్న పిచ్చి ఒక్కటే. నెత్తుటి కణాలకు ఫుట్‌బాల్ కామెంటరీ చెబుతుంది. ఒకసారి ఆమె కేక విని విక్టోరియా సరస్సు అవతల టాంజానియా ఒడ్డున జనం "గోల్!" అని గంతులేశారు. సరే, టాంజానియా కాదు, పక్క రేవు. అదీ గాలి అటు వీస్తున్నప్పుడు.

సూక్ష్మదర్శినిలో కన్ను పెడితే ఆమెకు లోకమంతా మైదానమే. సరస్సు నీళ్లలోంచి ఒంట్లోకి దూరే పురుగుపిల్ల అవతలి జట్టు. దాన్ని చుట్టుముట్టే తెల్లకణాలు మన కుర్రాళ్లు. "పట్టుకో! విషం కక్కు దానిమీద! ఒరేయ్, మూలన నిలబడి ఏం చూస్తున్నావు?" నర్సు కగోయా చెవుల్లో దూది పెట్టుకునే పనిచేసేది.

"ఎంతసేపమ్మా ఈ ఆట?"

"రోజంతా. ఒక్కడు మింగలేని పురుగును పదిమంది చేరి చంపాలి. తొందరపడితే ఎలా?"

చేపలు పట్టే ఇసబిర్యే ఆమె ఆసుపత్రి ఉన్న రేవు జట్టుకు గోల్‌కీపరు. ఒక వానాకాలం ఆ పురుగుల వల్లే అతని పొట్ట బానలా పొంగింది. అదే పొట్టతో అతని అన్న పోయాడు. అయినా కగోయా అరచేతిలో పెట్టిన మాత్రలను ఇసబిర్యే నోట్లో వేసుకోడు.

"నా రక్తం గట్టిది డాక్టరమ్మా. మాత్రలు చేతకానివాళ్లకి."

"గట్టిదే. ఉండు, మీవాళ్ల ఆట చెబుతా." డాక్టరమ్మ అతని నెత్తుటి చుక్క వేసి, సూక్ష్మదర్శిని గొట్టంలో కన్ను పెట్టింది. "అదిగో కొత్త పురుగుపిల్ల! మనవాళ్లు మీద పడ్డారు... చచ్చింది! గోల్!"

"నే చెప్పలా!" అని ఇసబిర్యే కుర్చీలోంచి లేచాడు.

"ఆగు. అయ్యో, ముదురు పురుగొకటి దర్జాగా పోతోంది. ఎవడూ ముట్టుకోడేం?"

"అడ్డుపడమనండి!"

"ఎలా పడతారు? మన జట్టు చొక్కా తొడుక్కుంది! మనవాడే అనుకుని దారిస్తున్నారు."

"దొంగ సచ్చినోడు! రిఫరీ ఏం చేస్తున్నాడు?"

"రిఫరీ నీ గుప్పిట్లోనే ఉన్నాడు. ఆ మాత్రలు దాని చొక్కా చింపుతాయి. తర్వాత సంగతి మీవాళ్లు చూసుకుంటారు."

ఇసబిర్యే గుప్పిట విప్పి చూసుకున్నాడు. ఖాళీ కడుపున మింగితే తల తిరుగుతుందని డాక్టరమ్మ తన మొక్కజొన్న ముద్ద, చేపల పులుసు అతని ముందుకు తోసింది. "హాఫ్‌టైము. తిను." అతను తిన్నాడు. మింగాడు.

వానలు వెలిశాక పొట్ట తగ్గి, అతను మళ్లీ గోలు ముందు నిలబడ్డాడు. ఒకరోజు కగోయాతో అన్నాడు: "ఆవేళ మావాళ్ల ఆట నేనూ ఒక కన్నేసి చూడాల్సింది."

కగోయా నవ్వాపుకోలేకపోయింది. "ఏం చూస్తావన్నా? ఆవేళ కరెంటే లేదు. గొట్టంలో అంతా చీకటి. మాత్రలొద్దని మొండికేసిన ప్రతివాడికీ అమ్మ ఆ ఆటే చెబుతుంది."

"ముద్ద కూడా అందరికీ పెడుతుందా?"

"అందరికీ. తను టీ తాగి సరిపెట్టుకుంటుంది."

ఇసబిర్యే ఆ రోజు పడ్డవాటిలో పెద్ద చేపను తెచ్చి డాక్టరమ్మ బల్లమీద పెట్టాడు. "చీకట్లో ఆట భలే చెప్పారు."

ఆమె గొట్టంలోంచి కన్ను తీయలేదు. "పచ్చి అబద్ధం. కరెంటు పోలేదు. నేను ముద్దా పెట్టలేదు, ఆటా చెప్పలేదు. అసలు ఆ కగోయా ఎవరో నాకు తెలియదు. నేను జన్మలో కామెంటరీ చెప్పి ఎరగ... ఒరేయ్, మూలనున్నవాడా, పట్టుకో!"