చెవి మీద పెన్సిలు

బస్సు ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆపైన దగ్గడానికి కూడా ఓపిక లేక ఆగిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, లోపల కనిపించినదేదీ నచ్చనట్టు మళ్లీ మూసేశాడు. వెనకాల ఇంకో బస్సుంది, అందులో ఎక్కేయమన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే, వచ్చినప్పుడు అన్నాడు.

అందరికన్నా ఆఖర్న దిగినతను పొడుగాటి మనిషి. మేడలకి రంగులు వేసే పని. జట్టులో అతన్ని నిచ్చెన అంటారు. కోపం లేనప్పుడు భార్య కూడా అలాగే అంటుంది. ఆ నిచ్చెన బస్సు మెట్టు మీద నిలబడి, కింది నేలని, తన చెప్పుల్ని, మళ్లీ నేలని చూసుకుని, చంటిపిల్లని పక్క మీద పడుకోబెట్టినంత జాగ్రత్తగా తన కాలిని తనే కిందకి దించుకున్నాడు.

రోడ్డు పక్కన మురుగు కాలవ. కాలవకి అవతల పిట్టగోడ. గోడ మీద చెట్టు నీడ ఉన్న మేర ఒకావిడ కూర్చుని, ఎదురు దిక్కుకి వెళ్లే బస్సు కోసం చూస్తోంది. నిచ్చెన కాలవ మీది రాతిపలక దాటి వస్తుంటే ఆ దాటడమంతా ఆవిడ కళ్లప్పగించి చూసింది.

"మోకాళ్ల నొప్పులా నాయనా?"

"నొప్పి కాదమ్మా. మర్చిపోయాను."

"ఏం మర్చిపోయావు?"

"గెంతడం. ఇప్పుడు దిగడం కూడా మర్చిపోతున్నట్టున్నాను."

ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. లోకంలో ఉన్న రోగాల పేర్లన్నీ ఆవిడ చెవిన పడ్డవే. ఇది మాత్రం పడలేదు. సంచీ ఒళ్లోకి తీసుకుని పక్కన చోటిచ్చింది. చోటిచ్చిందంటే, చెప్పు వింటాను అని.

నడక చిత్రమైన విద్య. ఏడాది నిండీ నిండకుండా అందరం నేర్చుకుంటాం, ఎలా నేర్చుకున్నామో ఒక్కరికీ గుర్తుండదు. ఎడారులు దాటినవాళ్లూ మంచు కొండలెక్కినవాళ్లూ దారి గురించి పుస్తకాలకి పుస్తకాలు రాశారు కానీ, అడుగు తీసి అడుగెలా వేశారో ఎవరూ రాయలేదు. రాయడానికి కూర్చుని ఉంటే సగం దారిలోనే బోర్లా పడేవాళ్లేమో. నిచ్చెనకి పట్టుకున్న కష్టం సరిగ్గా ఇదే.

ఆ మధ్య కొందరు కుర్రాళ్లు ఒక మేడలో మూడో అంతస్తు అద్దెకి తీసుకుని వీడియో ఆట తయారుచేస్తున్నారు. అంతరిక్షంలో దారితప్పిన మనిషొకడు రాతి మీంచి రాతి మీదకి, చిట్టి గ్రహం మీంచి ఇంకో చిట్టి గ్రహం మీదకి గెంతుకుంటూ ఇంటికి చేరాలి. గెంతు తప్పితే చీకట్లో పడతాడు, మళ్లీ మొదటికి. ఎంత గీసినా బొమ్మ గెంతు బొమ్మ గెంతులాగే ఉందట. విసుగెత్తి కిటికీలోంచి చూస్తే, బయట పరంజా మీద, పలక నించి పలకకి రంగు డబ్బాతో సహా గెంతుతూ నిచ్చెన కనిపించాడు. లోపలికి పిలిచారు. ఒంటికి అతుక్కునే నల్ల బట్టలు తొడిగి, కీలు కీలుకీ ఒక తెల్ల బంతి అంటించి, అతని గెంతునే బొమ్మకి ఎక్కించడానికి చుట్టూ కెమెరాలు పెట్టి, స్పాంజి పెట్టెల మీద గెంతమన్నారు. మధ్యాహ్నం దాకా గెంతి, భోంచేసి, మళ్లీ పరంజా ఎక్కాడు. అంతే అనుకున్నాడు.

ఆట బయటికొచ్చింది, జనం ఎగబడ్డారు. ఆ గెంతేది మా నాన్నే అని నిచ్చెన కూతురు బళ్లో చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఆ పిల్ల ఊరుకునే రకమా, ఒక స్నేహితురాల్ని వెంటపెట్టుకొచ్చి, తండ్రి సైకిలు దిగేదాకా వాకిట్లో కూర్చోబెట్టింది. అతను సైకిలు దిగగానే ఆ వచ్చిన పిల్ల నోరు తెరిచింది. ఎందుకు తెరిచిందో నిచ్చెనకి బోధపడలేదు.

"ఎందుకు తెరిచింది?" అంది ఉతికే ఆవిడ.

"నేను చెవి తడుముకున్నానట."

ఆటలో ఆ మనిషి కాళ్లు నేలకి ఆనగానే కుడి చెయ్యెత్తి హెల్మెట్ పక్కన ఒక్కసారి తాకుతాడు. ఆడినవాళ్లంతా దాని మీదే పడ్డారు. ఎవరి మాట వింటున్నాడు? ఇంటి నించి కబురా, పోయిన తోటివాడి గొంతా? వాదులాడుకుని మాటలు మానేసినవాళ్లు కూడా ఉన్నారట. కుర్రాళ్లకే తెలియదు. తెలియకపోయినా రెండో భాగం కథంతా దాని మీదే కట్టేశారు: చెవిలో వినబడే ఆ గొంతు వెతుక్కుంటూ పోవడమే ఆట. త్వరలో వస్తోందని ఊరూ వాడా చాటారు కూడా. ఆ తర్వాత నిచ్చెనని పిలిచి, "అన్నా, చెవి పట్టుకుంటావే, అది ఈసారి దగ్గర్నించి చూపించాలి" అన్నారు.

"నేనెప్పుడు పట్టుకున్నాను?"

తెర మీద చూపించారు. చూస్తే నిజమే. పనిలో గీతలు గీసుకోవడానికి చెవి మీద పెన్సిలు పెట్టుకోవడం అతనికి అలవాటు. గెంతినప్పుడల్లా అది పడిందేమోనని చెయ్యి తనంతట తనే వెళ్లి చూసుకుంటుంది. ఆ నల్ల బట్టల రోజున చెవి మీద పెన్సిలు లేదు. చెయ్యి మాత్రం మానలేదు.

"పెన్సిలు కోసం" అని చెప్పాడు. కుర్రాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు మెల్లగా, "ఆ మాట బయట అనకు అన్నా" అన్నాడు.

ఆ రోజు మొదలు. గెంతమంటే కాళ్లు ఆనకముందే చెయ్యి లేచేది, లేదంటే ఆనిన చాలాసేపటికి. దోమని కొట్టినట్టుందన్నారు. సలాం చేసినట్టుందన్నారు. పెన్సిలు చెవి మీదుంటే మరీ గాభరాగా ఉందని జేబులో పెట్టుకోవడం మొదలెట్టాడు. ఇంట్లో మంచం మీంచి గెంతి సాధన చేస్తే, "అది కాస్తా విరిగితే ఏ గ్రహం మీద పడుకుంటారు?" అని భార్య. "బావా, ఫోనొచ్చింది, చెవి ఎత్తు" అని బావమరిది. కూతురు మాత్రం గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయింది. అది అన్నిటికన్నా బరువనిపించింది.

"ఆట పోతే పోయిందిలేమ్మా. పరంజా మీద కూడా అదే అయింది. పలక అంచున నిలబడి, ముందు ఏ కాలు, ఏ చెయ్యి అని ఆలోచిస్తూ సగం గాల్లోకి వంగిపోయాను. మేస్త్రీ కాలరు పట్టుకుని లాగాడు. కాళ్లు నీ మాట వినేదాకా పైకి రాకు అన్నాడు. ఇప్పుడు కింద కూర్చుని రంగు కలుపుతున్నాను." పైనుండే గాలి గురించీ, కింది తిట్లు వినబడని ఆ ఎత్తు గురించీ చెప్పాలనుకుని, ఎలా చెప్పాలో తెలియక మానేశాడు. "ఇవాళ ఆఖరిసారి చూస్తామన్నారు. కుదరకపోతే సినిమా ఫైట్లు చేసేవాణ్ణెవరినో పెట్టుకుంటారట. ఇవాళ కూడా రాకపోతే నా కాళ్లు నావి కావనే అనుకోవాలి."

"ఆ బొమ్మనే చెవి పట్టుకోమనొచ్చుగా? వాళ్లు చేసిన బొమ్మేగా."

"నేనూ అదే అడిగాను. నిజంగా ఉండదట."

"చుక్కల్లో గెంతేవాడు నిజంగా ఉండాలా?"

"ఉండాలట."

ఇద్దరూ కాసేపు ఆలోచించారు. ఇద్దరికీ అర్థం కాలేదు.

"నీది నయం. మా అక్క సంగతి విను" అంది ఆవిడ. "బీరువా కొంది. ఇనప బీరువా, రెండు తలుపులది. గుమ్మంలో సగం దూరి ఆగిపోయింది, ఇటూ రాదు, అటూ పోదు. ఇల్లంతా కిటికీలోంచి వెళ్లొస్తున్నారు. మా బావకి పొట్ట పెద్దది, ఆయన లోపలే ఉండిపోయాడు. నువ్వొచ్చి చెప్పవే అని కబురంపింది. బీరువాల గురించి నాకేం తెలుసు?"

"నిలువుగా తోశారా, పడుకోబెట్టా?" అన్నాడు నిచ్చెన.

"అది బీరువానే అడగాలి. మా అక్క ఫోన్లో ఏడుపే ఏడుపు."

"గుమ్మం వెడల్పెంత?"

"మా బావ పట్టేంత. అదే చెబుతున్నాగా, లోపలికెళ్లేటప్పుడు పట్టాడు."

నిచ్చెన జేబులోంచి పెన్సిలు తీసి గోడ మీద గుమ్మం గీశాడు. గుమ్మంలో బీరువా గీశాడు. అడుగున కాళ్లు గీశాడు. "చూడమ్మా, తట్టుకునేది పైన కాదు, ఇక్కడ. కాళ్లు గడపకి అడ్డం పడుంటాయి. ఈ రకం బీరువాలకి కాళ్లు తిప్పితే ఊడొస్తాయి. వాళ్లు గోడ పగలగొట్టలేదు కదా?"

"రేపు పగలగొడతామంటున్నారు."

"వద్దని చెప్పండి. గోడ పగిలితే మళ్లీ పూత, మళ్లీ రంగు, అంత పని..."

కింద హారన్ మోగింది. రెండో బస్సు వచ్చి కొంచెం ముందుకు పోయి ఆగింది, జనం దానివైపు పరుగెత్తుతున్నారు. నిచ్చెన కళ్లు ఇంకా గోడ మీది బొమ్మ మీదే ఉన్నాయి. లేస్తూ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. రాతిపలక దాకా పోలేదు. గోడ మీంచే కాలవ మీదుగా రోడ్డు మీదకి గెంతాడు. కాళ్లు ఆనాయి. కుడి చెయ్యి లేచి, చెవి పక్కన తాకి, పెన్సిలు ఉందని చూసుకుని దిగింది.

వెళ్లొస్తానని చెప్పలేదు. వెనక్కి తిరగలేదు. ఇంకా బీరువా గురించే ఆలోచిస్తున్నట్టు తల ఓ పక్కకి వాల్చుకుని బస్సు వైపు నడిచిపోతున్నాడు.

కాళ్లు ఏ వైపు తిప్పితే ఊడతాయో ఆవిడ ఇంకా అడగలేదు. అడుగుదామని నోరు తెరిచింది. పిలిస్తే ఆగుతాడు, ఆగితే గెంతిన సంగతి గుర్తొస్తుంది. ఆవిడ నోరు మూసుకుని, గోడ మీది బీరువాని ఇటునించీ అటునించీ తల తిప్పి చూస్తూ కూర్చుంది.