బైండింగ్ షాపులో ఛర్రా బందూకు

పందికొక్కుకు చదువు రాదు గానీ ఏ పుస్తకం విలువైనదో దానికి బాగా తెలుసు. పనికిరాని గైడ్ల కట్టలు గుట్టగా పడి ఉన్నా ముట్టదు. పోతే మళ్లీ దొరకనిదాన్నే వెతుక్కుని కొరుకుతుంది.

నాంపల్లిలో స్టేషన్‌కు దగ్గర సందులో మాకు బైండింగ్ షాపు ఉంది. పద్దెనిమిదేళ్లుగా నేనే నడుపుతున్నాను. కాలేజీ పిల్లల రిపోర్టులు, వకీళ్ల ఫైళ్లు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే అట్టలూడిన పుస్తకాలు, ఏవి వచ్చినా కుట్టి అట్ట వేసి ఇస్తాను. ఆ వానాకాలం ఒక పెద్దాయన గుడ్డలో చుట్టి ఒక రిజిస్టరు తెచ్చాడు. వాళ్ల చర్చిలో బాప్తిస్మం తీసుకున్న వాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. కాగితం అప్పడంలా పెళుసెక్కింది.

"ఇంకో కాపీ లేదు బిడ్డా. జర పైలం," అన్నాడు.

"నా పాణం లెక్క చూస్కుంట పెద్దయ్యా," అన్నాను. మాటే కదా, అడగకపోయినా ఇచ్చేశాను.

మూడో రోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికి నాలుగు పేజీల అంచులు లేవు. పేర్ల దాకా రాలేదు, ఖాళీ అంచులే పోయాయి. అయినా నా ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రం ఆటోలో రిజిస్టరును ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేదాన్ని. కానీ పగలు ఏం చేయాలి? చినిగిన ప్రతి పేజీకి వెనక పల్చటి కాగితం మైదా జిగురుతో అంటించి, బల్ల మీద పరిచి గాలికి ఆరబెట్టాలి. తడి ఆరకముందే బీరువాలో మూస్తే బూజు పడుతుంది. పురుగులూ ఎలుకలూ ముట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం మా పనిలో అలవాటే, కానీ పాత కాగితం మీద నీలం మరక పడుతుందని నేను కలపలేదు. ఆ వట్టి మైదా కోసం పందికొక్కులు మోరీ కన్నంలోంచి పట్టపగలే వచ్చేవి, అత్తారింటికి వచ్చినంత దర్జాగా.

కన్నం మూస్తే పక్కన ఇంకోటి తవ్వాయి. బోను పెడితే లోపలి మిర్చిబజ్జీ తినేసి పోయాయి. పిల్లిని తెస్తే అది పందికొక్కును ఒకసారి చూసి ర్యాక్ ఎక్కి కూర్చుంది. మందు పెడితే పుస్తకాల కట్టల వెనక చచ్చి వారం రోజులు కంపు. ఇక కొట్టాల్సిందే అనుకున్నాను.

మా ఆయన లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. సంగతి చెప్తే నవ్వాడు. "ఎలుక మీద కోపానికి ఇల్లు తగలబెట్టుకుంటవా ఏంది?"

"ఇల్లు తగలబెడ్తలేను. ఛర్రాలు కొట్టే గాలి బందూకు కొంటున్న," అన్నాను.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక పాత తుపాకుల దుకాణం ఉంది. నేను లోపలికి వెళ్తే దుకాణదారు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు.

"సార్ రాలేదా అమ్మా?"

"సార్‌కు గురి లేదు. నేను చాలు."

ఆయన ముందుగా నల్లటి పెద్దదాన్ని దించాడు. పైన దుర్బీన్ కూడా ఉంది. "గిది తీస్కోండి. ఫుల్ పవర్."

"నేను పులిని కొట్టనీకి పోతలేనన్నా. పది గజాల దూరంల పందికొక్కు. ఐదు ఛర్రాలు ఒక్క తాన పడాలె, గంతే. ధర గూడ నా అసొంటోళ్లకు అందాలె."

కొట్టి చూడకుండా కొననన్నాను. దుకాణం వెనక సన్నటి సందులో పాతగుడ్డలు కూరిన అట్టపెట్టె పెట్టించాడు. నా సంచిలోంచి వృత్తాలు గీసిన అట్టలు, కొలిచే కంపాసు తీస్తే ఆయనకు నవ్వాగలేదు. నవ్వనీ. బైండింగ్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా అట్ట వంకర పోతుంది, నాకు కొలవడం ఒకరు నేర్పక్కర్లేదు. ఆ ఫుల్ పవర్‌ది గొట్టం మడిచి స్ప్రింగు ఎక్కించడానికే నా భుజం పట్టేసింది. పేల్చిన ఐదు ఛర్రాలూ ఐదు దిక్కులకు పోయాయి. దాని కన్నా ఖరీదైనది ఇంకోటి చూపించాడు, దాని సంగతీ అంతే. మూడు రోజులు తిరిగాను. మూడో రోజు మూలనున్న చెక్క మడమ బందూకును నేనే అడిగి తీయించాను. దుర్బీన్ లేదు, హంగూ లేదు, ధర సగమే. మొదటి ఐదూ ఎడమకు చెదిరిపోయాయి.

ఈసారి ఆయన నవ్వలేదు. "గొంతు పిస్కినట్టు పట్టకండమ్మా. లోపల స్ప్రింగు ఎగుర్తది. ఎగరనియ్యాలె. చెయ్యి మీద ఊకె ఆనించండి."

వదులుగా పట్టడం నాకు చచ్చేంత కష్టం. నేను ఏది పట్టినా గట్టిగానే పడతాను, మా ఆయన్ని అడగండి. అయినా పట్టాను. తర్వాతి ఐదు ఛర్రాలు ఐదు రూపాయల బిళ్ల కింద దాగిపోయాయి. ఛర్రాల డబ్బాలు కూడా నాలుగు తెరిపించి, అద్దం మీద దొర్లించి, వంకరవి లేని డబ్బా తీసుకున్నాను. ఆధార్ కాపీ ఇచ్చి, బందూకును గుడ్డలో చుట్టుకుని బయటపడ్డాను.

షాపు వెనక గదిలో ఇసుక నింపిన పెట్టెకు పనికిరాని అట్టలు తగిలించి రోజూ గంటసేపు కొట్టేదాన్ని. ఇంత సరదాగా ఉంటుందని నేను అనుకోలేదు. మా ఆయన కూడా ఆఫీసు నుంచి తిన్నగా షాపుకు రావడం మొదలుపెట్టాడు. గురి తప్పినవాళ్లు టీ పెట్టాలని పందెం. పది రోజుల్లో ఆయన టీ బ్రహ్మాండంగా పెట్టడం నేర్చుకున్నాడు. ఆ పది రోజుల్లో నేను ఆరు పందికొక్కులను కొట్టాను. ఒక్కటి మాత్రం చిక్కలేదు. చెవి తెగిన ముసలిది. నేను బందూకు తీస్తే కన్నంలోకి, పెడితే బల్ల మీదికి. దాని సంగతి తేల్చకుండా రిజిస్టరు ఇవ్వకూడదని పంతం పట్టాను.

ఆదివారం ఇవ్వాలనగా శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి పేజీలకు కాగితం అంటించి బల్ల మీద పరిచాను. కటింగ్ మిషన్ వెనక బందూకు పట్టుకుని కూర్చున్నాను. అది వచ్చింది. వచ్చి సరిగ్గా పేజీ మీదే కూర్చుంది. గురి కుదిరింది, కానీ పేలిస్తే ఛర్రా కాగితంలోకి దిగుతుంది. జానెడు పక్కకు జరిగితే చాలు. అది జరగలేదు, కొరకడం మొదలుపెట్టింది. ఛీ అని ఒక్క కేక వేస్తే పారిపోయేది. నేను వేయలేదు. ఇవాళ వదిలితే మళ్లీ దొరకదని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తినేదాకా తిని పక్కకు జరిగింది. కొట్టాను. అక్కడికక్కడే పడింది. సంబరపడ్డాను కూడా, దాచడం ఎందుకు? లేచి చూస్తే పేజీ మీద ఒక పేరు ముందు సగం లేదు.

పోయినచోట కొత్త కాగితం అతికించాను. నాకు అంతకన్నా చేతనైంది లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దాయన వచ్చాడు. పందికొక్కు కొరికిందని చెప్పాను, దాన్ని కొట్టేశానని కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ తీశాడు. పేర్ల వెంట వేలు జరుపుతూ వచ్చి కొత్త కాగితం దగ్గర ఆపాడు.

"గిది మా అమ్మ పేరు," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తిట్టలేదు. పెన్ను అడిగి, నేను అతికించిన కొత్త కాగితం మీద ఆ సగం పేరు మెల్లగా తనే రాశాడు. కొత్త అక్షరాలు పాత అక్షరాలతో కలవలేదు. సిరా ఆరాక రిజిస్టరును గుడ్డలో చుట్టుకుని లేచాడు. గడప దగ్గర ఆగాడు.

"అది కొరుకుతుంటే నువ్వు చూసినవా బిడ్డా?"

"ఔ పెద్దయ్యా."

"చప్పుడు చేస్తే పోతుండెనా?"

"పోతుండె," అన్నాను.