సంజీవరావు సొంత పాట

రాక్ గిటారిస్టుకి సంజీవరావు అన్న పేరేమిటని నన్నడక్కండి. అది మా ఆయన తాతగారి పేరు. పోస్టర్ మీద కురచగా 'సంజీ' అని వేసుకుందామని ఈయన ముచ్చటపడితే, మా అత్తగారు సుబ్బరత్నం గారు "పోయినాయన పేరు సగానికి నరుకుతావా?" అని ఆ పూట అన్నం మానేశారు. దాంతో చిరిగిన జీన్సు, ముడేసిన జుట్టు, కింద నిండుగా సంజీవరావు. పేరు చదివి హరికథ అనుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

పుట్టింది మైలవరంలో, మామిడితోటలున్న ఇంట్లో. ఇంటర్ చదవమని విజయవాడ పంపిస్తే గుణదలలో అద్దెగది తీసుకున్నాడు. పక్కింట్లో మార్త టీచరు గారుండేవారు. చర్చిలో పాటలు నడిపించేది ఆవిడే. గోడవతల గిటారు విని ఈయన పుస్తకాలు పక్కన పడేసి వెళ్లి ఆవిడ అరుగు మీద కూర్చున్నాడు. "నేను ప్రార్థనకని నేర్పితే నువ్వు పిడుగులు కురిపిస్తున్నావేంటి నాయనా" అనేవారట ఆవిడ. ఎంసెట్ ర్యాంకు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

బెజవాడలో రాక్ వాయిస్తామంటే ఎవరు పిలుస్తారు చెప్పండి? పెళ్లి రిసెప్షన్లే గతి. ఓ చేత్తో బిర్యానీ ప్లేటు పట్టుకుని "బాబూ, ఆ మాస్ పాట కొట్టు" అనే బాబాయిల కోసం ఇరవయ్యేళ్లు సినిమా పాటలు వాయించాడు. మధ్యలో ఎక్కడో గుక్కతిప్పుకోకుండా, గిటారు ఒక్కటే పరిగెత్తే ఓ సోలో దూర్చేవాడు. అంత వేగంగా వేళ్లు కదిపేవాడు ఈ చుట్టుపక్కల లేడని పేరు. సొంత పాటలు కట్టుకున్నాడు గానీ గది తలుపేసుకుని వాయించుకోవడమే. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. పగలు పిల్లల గోల, ఇంటికొస్తే ఈయన గోల. అయినా ఇష్టపడి చేసుకున్నాను, ఎవరినీ అనడానికి లేదు.

పోయిన వేసవిలో కృష్ణ ఒడ్డున కొత్తగా కాఫీ హోటల్ పెట్టినవాళ్లు పిలిచారు. నెల తర్వాత ఓ ఆదివారం సాయంత్రం కార్యక్రమం, సినిమా పాటలు వద్దు, మీ పాటలే వాయించండి అన్నారు. మా ఆయన ఫోన్ పెట్టేసి గిటారుకి కొత్త తీగలు బిగించడం మొదలుపెట్టాడు. డ్రమ్స్ వాయించే సిరాజ్ మాత్రం తేల్చి చెప్పేశాడు. "అన్నా, ఇది జరిగితే సరే. జరక్కపోతే నేను మా నాన్న పరుపుల కొట్లో కూర్చుంటా. ఇంకెన్నాళ్లు?" సిరాజ్ వెళ్లిపోతే బ్యాండు లేదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆవకాయ రోజులొచ్చాయి. మన జిల్లా మగాళ్లకో జబ్బుంది. ఏడాదంతా వంటింటి గడప తొక్కరు గానీ, మే నెలలో కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొట్టకపోతే మీసం దిగిపోతుందనుకుంటారు. రైతుబజారులో కొట్టించుకొద్దామండీ అన్నాను. బజారు కత్తికి ఎవరి తడి అంటిందో, ఊరగాయ బూజు పడుతుందని అత్తగారు. "మా కాయలు నేనే కొడతా, ఎంతసేపు" అని ఈయన. గిటారు వాయించే మనిషి, పైగా ముందర అంత పెద్ద ప్రోగ్రాం పెట్టుకుని! టెంక ముదిరిన కాయ జారింది, కత్తి దిగింది. ఎడమచేతి ఉంగరపు వేలి కొస తెగిపోయింది.

కాయలన్నీ రక్తం. అత్తగారు గంప మొత్తం పారబోయించి, మూల కూర్చుని ఏడ్చారు. డాక్టరు కుట్లేసి, నెలన్నర దాకా ఆ వేలు కదపకూడదన్నాడు. సిరాజ్ వచ్చి కట్టు చూసి, "ఏంటన్నా ఇది?" అన్నాడు నీరసంగా. "కాయలు బాగా ముదిరాయిరా" అన్నాడు మా ఆయన, అదేదో సమాధానమైనట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

వేరే బ్యాండుని పిలుచుకోమంటారా అని హోటల్‌వాళ్లు అడిగితే మాత్రం, "మేమే వాయిస్తాం" అన్నాడు. మిగిలిన మూడు వేళ్లతో మొదలుపెట్టాడు. సోలో దగ్గరికి రాగానే వేళ్లు చాలక ఆగిపోయేవాడు. ఒకరోజు గిటారు మంచం మీద పడేసి పెరట్లోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లాను. కళ్లు తుడుచుకుంటున్నాడు. నాక్కూడా ఏడుపొచ్చింది. ఆ మర్నాటి నుంచి పాటలో స్వరాలు తీసేస్తూ వచ్చాడు, చివరికి మూడు వేళ్లకి అందేవే మిగిలాయి.

ప్రోగ్రాం ఉన్న ఆదివారం అత్తగారు తనూ వస్తానన్నారు. కొడుకు కచేరీకి ఆవిడ ఏనాడూ రాలేదు. ముందు వరసలో, జరీ చీరలో, కుర్రకారు మధ్య కూర్చున్నారు. సోలో వచ్చింది. పరుగు లేదు, పిడుగుల్లేవు. ఒక్కో స్వరాన్నీ పట్టుకుని, అది పూర్తిగా మోగాక ఇంకోదానికి వెళుతున్నాడు. సిరాజ్ కూడా చెయ్యి తగ్గించేశాడు. ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. అయిపోయాక వెనక నిలబడ్డవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

జనం పలచబడ్డాక అత్తగారు స్టేజీ దగ్గరికి వెళ్లారు.

"ఇవన్నీ నువ్వు కట్టినవేనా?"

"నావేనమ్మా."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు వాయించలేదురా?"

మా ఆయన కట్టున్న వేలు చూసుకున్నాడు. "ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

ఆవిడ స్టేజీ అంచున కూర్చుని, కొంగు సర్దుకున్నారు. "సరే, నేనడుగుతున్నా. వాయించు."

అప్పటికే స్పీకర్లు తీసేశారు, వైర్లు చుట్టేస్తున్నారు. కరెంటు లేని ఆ గిటారు పక్కనున్నవాళ్లకే వినపడదు. ఆయన మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. అత్తగారు తల వంచి గిటారుకి చెవి ఆనించి, పాట అయ్యేదాకా అలాగే ఉన్నారు.