టెన్నిస్ కోర్టులో బూట్లు విప్పిన మేనేజరు

మా తాతయ్య ఉంటున్న రిటైర్మెంట్ కాలనీ గుంటూరు దాటాక మిరప చేల మధ్య ఉంది. క్లబ్ హౌస్, ఈతకొలను, టెన్నిస్ కోర్టు చూపించి ఇళ్లు అమ్మారు. కొలను ఎండిపోయి ఏడాదైంది. ఇప్పుడు కోర్టును కూడా ప్లాట్లు చేసి అమ్ముతారట. నాకు ఒళ్లు మండింది. "ఉమ్మడి స్థలం మన హక్కు" అని కరపత్రం రాసి, వంద కాపీలు తీయించుకుని ఈ మధ్యాహ్నం వెళ్లాను.

ఇళ్లు అమ్మిన కంపెనీ మేనేజరు అప్పటికే వచ్చి, "ఇక్కడ చివరిసారి టెన్నిస్ ఎవరు ఆడారో చెప్పండి" అంటున్నాడు. కోర్టు నిండా ఎండుమిరపకాయలే. పక్క నీడలో పీటలేసుకుని కాలనీ అంతా కబుర్లాడుతూ తొడిమలు తీస్తోంది. నేను గొంతు సవరించుకునేలోపే అతను కోర్టులోకి అడుగేశాడు.

"ఏయ్ అబ్బాయ్! తినే కాయల మీదికి బూట్లతోనా? విప్పు ముందు!" అని పీట మీంచే అరిచారు తాతయ్య పక్కింటి తాయారమ్మగారు.

"ఇది టెన్నిస్ కోర్టండీ..."

"అయితే ఆడు, చూస్తాం. లేదంటే కళ్లంలోకొచ్చినట్టు రా!"

పాపం, విప్పేశాడు. కింద గచ్చు పెనంలా ఉంది. ఆ కోర్టులో ఒక మనిషి అంత చురుగ్గా గెంతడం అదే మొదటిసారేమో! "వచ్చే నెల మాట్లాడదామండీ" అని తుమ్ముతూ, బూట్లు చేత్తో పట్టుకుని కారెక్కాడు.

నా ప్రసంగం నాలోనే ఉండిపోయింది. కరపత్రాలు మాత్రం తొడిమలు పోసుకోవడానికి అందరికీ సరిపోయాయి. కోర్టు ఇంకో నెల మనదే. ఈ విజయంలో నా వాటా ఎంతో మొహమాటపడకుండా చెప్పండి.